చెవులయ్య దిబ్బ

"చిన్నప్పుడు చెవిలో ఏమైనా పోశారా అమ్మా?"

బ్రాడీపేటలో చెవి డాక్టరు నా కుడి చెవిలోకి లైటు వేసి చూస్తూ అడిగాడు. కుర్రవాడు. మీసం ఇంకా కుదురుకోలేదు.

"పోశారు బాబూ. పసుపు కలిపిన నువ్వుల నూనె. ముందు కుందేలు చెవిలో, తర్వాత నా చెవిలో."

ఆయన లైటు తీసేసి, నాతో వచ్చిన మా మనవరాలి వంక చూశాడు. పెద్దావిడకు చెవి ఒక్కటేనా, ఇంకేమైనా తేడా ఉందా అన్నట్టుంది ఆ చూపు. నాకు ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నాను. మిషను పెట్టుకోవాల్సిందేనని చెప్పి, కొలతలు తీసేవాళ్ళు పిలిచేదాకా బయట కూర్చోమన్నాడు.

బయట కుర్చీలో కూర్చోగానే మా మనవరాలు ఫోను తీసింది. "కుందేలంటే గుర్తొచ్చింది అమ్మమ్మా. మొన్న కాలేజీ వాళ్ళు మ్యూజియానికి తీసుకెళ్ళారు గదా, అక్కడొక కుందేలుంది. ఎంత క్యూట్‌గా ఉందో చూడు," అంటూ ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది.

తెల్లటి రాతి పలక. ఒక పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ముసలాయన. మధ్యలో మంట. ఆ మంట వైపు చెవులు వెనక్కి వాల్చి ఎగురుతున్న కుందేలు. వెనక కాలొకటి విరిగిపోయి, మూడు కాళ్ళే ఉన్నాయి.

ఫోను అందుకుని కళ్ళకు ఆనించుకున్నాను. ఫోను పడేస్తానేమోనని ఆ పిల్ల లాక్కుంది.

"దాన్ని క్యూట్ అనమాకే," అన్నాను. "అది మా చెవులయ్య."

*

అప్పుడు మేముండేది సింగరాయకొండలో. నాకు చెవిపోటు పట్టుకుంది. చీము కారేది. ఆస్పత్రి మందులు అయ్యాయి, ఆకు పసర్లు అయ్యాయి. "మా అమ్మ దగ్గరికి పంపిద్దాం, చెవులయ్య దగ్గర కూర్చోబెడుతుంది" అని మా అమ్మ. "రాయి చెవికి నూనె పోస్తే పిల్ల చెవి తగ్గుద్దా" అని మా నాన్న. చివరకు అమ్మే గెలిచింది. రాత్రిళ్ళు నా ఏడుపు నాన్న కూడా వినాల్సి వచ్చేది మరి.

అలా మిరప కోతలప్పుడు గుంటూరు దాటి, ఆ నల్లరేగడి ఊళ్ళో దిగాను. ఆ ఊరి కంటే ముందు మిరప ఘాటే ఎదురొచ్చేది. ఎద్దుబండి ఊరి మొదట్లో ఉండగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఎటు చూసినా కల్లాలు, కల్లాల నిండా ఎర్రగా పరిచిన కాయలు. ఆడవాళ్ళు ముక్కుకు చెంగు చుట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, ఆ గుడ్డ లోపలి నుంచే ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు. పిల్లలం కూడా ఏరేవాళ్ళం. చేతులు మండితే అమ్మమ్మ మీగడ రాసేది. ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంటే ఇక ఎగరడమే.

అమ్మమ్మ సన్నటి మనిషి, గొంతు మాత్రం లావు. పొగాకు కాడ దవడన పెట్టుకుని మాట్లాడేది. తాతయ్య పోయాక చేలన్నీ ఆమే చూసుకుంది. మామయ్య ఎదిగొచ్చినా, ఎప్పుడు దున్నాలో ఎప్పుడు కొయ్యాలో ఆమె చెప్పాల్సిందే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఊళ్ళో వాళ్ళు ఆమెను ఆ మాటతోనే ఆట పట్టించేవాళ్ళు. ఎందుకంటే ఆమె కుందేలుకు నిజంగానే మూడే కాళ్ళు.

మా పత్తిచేను చివర దిబ్బ ఉండేది. అది మట్టిదిబ్బ కాదు, లోపలంతా ఇటుకలే. ఒక్కో ఇటుకను నేనూ, మామయ్య కూతురూ కలిసి మోస్తే గానీ లేచేది కాదు. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. మేమిద్దరం తాటిమట్ట మీద కూర్చుని దాని మీద నుంచి జారేవాళ్ళం. లంగాలు చిరిగేవి, తిట్లు పడేవి. తూర్పు వైపు మాత్రం జారడానికి వీల్లేదు. అక్కడ దిబ్బకు ఆనించి ఆ తెల్లరాయి ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పిల్లకు చెవిపోటొచ్చినా, ఏ పిల్లవాడికి మాట ఆలస్యమైనా అక్కడికి తెచ్చేవాళ్ళు. పసుపు నూనె వెచ్చచేసి, ముందు కుందేలు చెవి సందులో వేలితో రుద్ది, మిగిలింది బిడ్డ చెవిలో వేసేవాళ్ళు. ఎన్ని తరాల పసుపో, ఆ చెవులు రెండూ పచ్చగా ఉండేవి.

నన్ను ఆ రాయి ముందు కూర్చోబెట్టి నూనె వేసి, దూది పెట్టి, అమ్మమ్మ కథ చెప్పేది. రోజూ అదే కథ, రోజూ కొత్తగా విన్నట్టు ఊఁ కొట్టాలి.

"మన దిబ్బ పెద్దాయన మనిషిగా పుట్టకముందు చాలా పుట్టుకలు పుట్టాడంట. ఓ పుట్టుకలో కుందేలయ్యి ఈ దిబ్బ మీదే ఉన్నాడు. కోతీ, నక్కా, నీరుకుక్కా ఆయన నేస్తాలు. ఓ రోజు ఆకలిగొన్న ముసలాయనొకడు వచ్చాడు. నీరుకుక్క చేపలు తెచ్చింది. నక్క పెరుగుముంత తెచ్చింది."

"ఎవరి పెరుగుముంత అమ్మమ్మా?"

"నక్క ఎవరినన్నా అడిగి తెచ్చుద్దా? తెచ్చింది. కోతి మామిడికాయలు తెచ్చింది. కుందేలు దగ్గర ఏముంది? గరిక. గరిక మనిషి తినడు గదా. అందుకని, మంటెయ్యి నాయనా, నన్నే తిను అంది. ముసలాయన మంటేశాడు. అప్పుడు కుందేలు ఏం చేసింది?"

"ఒళ్ళు దులుపుకుంది," అనాలి మేము.

"ఆఁ. బొచ్చులో ఉన్న చిన్నా చితకా పురుగులు తనతో పాటు కాలిపోకూడదని ఒళ్ళు దులుపుకుని, అప్పుడు దూకింది. ఆ మంట చల్లబడిపోయింది. వచ్చింది మామూలు ముసలాయన కాదు మరి. నీలాంటోణ్ణి అందరూ చూడాలని, చందమామ మీద కుందేలు బొమ్మ గీసి పోయాడు."

ఊరంతా ఈ కథను నమ్మేదని కాదు గానీ, అందరూ దాని ప్రకారం నడుచుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో ఎవరూ కుందేలుకు ఉచ్చు పెట్టరు. ఇంకొకటి, దులుపుడు. పత్తి తీతలు పూర్తయ్యాక, పొయ్యిలోకి కావలసిన కట్టె ఇంటికి తోలుకుని, మిగిలిన కంపా ఆకూ చేనంతా పరిచి అంటిస్తారు. ఊరిలో మొదటి నిప్పు మా చేలోనే పడాలి, దిబ్బ మా చేలో ఉంది కాబట్టి. అంటించే ముందు ఇత్తడి పళ్ళెం మోగిస్తూ చేనంతా తిరిగి పూరేడు పిట్టల్నీ, కుందేళ్ళనీ, ఎలుకల్నీ తరమాలి. దిబ్బ వైపు నిప్పు పెట్టకుండా దారి వదలాలి. అంతకంటే ముందు, ఆ పొద్దున దిబ్బ దగ్గరికి మొదట వచ్చిన పరాయి మనిషికి విస్తరి వేసి అన్నం పెట్టాలి. వచ్చినవాడు ఏం అడిగినా లేదనకూడదు, కుందేలు లేదనలేదు కాబట్టి. తిని లేచేటప్పుడు పెద్దావిడ "నిండిందా?" అని అడగాలి, అతను "నిండింది" అనాలి. ఆ మాట పడ్డాకే నిప్పు.

అతిథి అంటే చెప్పకుండా వచ్చేవాడంటారు. మా అతిథికి మాత్రం ముందురోజే కబురెళ్ళేది. ఏటా ఆ పొద్దున వచ్చేది మా సాయిబు తాతే. పక్కూరాయన. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని, ఆ రోజుల్లోనే మా ఊరికి పరుపులు కుట్టడానికి వచ్చేవాడు. ఏమీ ఎరగనట్టు దిబ్బ పక్కగా నడిచి వచ్చేవాడు. ఏమీ ఎరగనట్టే అమ్మమ్మ పిలిచేది. "ఏం కావాలో అడుగు నాయనా" అంటే, ఆయన గడ్డం నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించి, "కాసింత నెయ్యి వెయ్యమ్మా" అనేవాడు. ఒక ఏడు సొరకాయ అడిగాడట. అదే ఆయన అడిగిన పెద్ద కోరిక. నా చెవిలో పెట్టే దూది ఆయన ఏకి ఇచ్చిందే. గింజ పలుకు లేకుండా, వెన్నలా ఉండేది.

ఆ ఏడు సాయిబు తాత రావడం ఆలస్యమైంది.

*

దులుపుడు పొద్దున అమ్మమ్మ తెల్లవారకముందే లేచి వండింది. మామిడి పిందెల పప్పు, కోతి తెచ్చింది కాబట్టి. పెరుగుముంత, నక్క తెచ్చింది కాబట్టి. చేప ఉండదు, ఆ రోజు ప్రాణం తీయకూడదు. బెల్లం పొంగలి. గోంగూర పచ్చడి. విస్తరి పక్కన గుప్పెడు గరిక, అది కుందేలు వాటా. పొంగలి గిన్నెలో నేనూ, మామయ్య కూతురూ చెరో వేలు ముంచి నాకాం. నా వేలి గుంట తన వేలి గుంట కంటే పెద్దదని అది గొడవ పెట్టుకుంది.

మామయ్య మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు వెళ్ళాడు, మధ్యాహ్నానికి వచ్చి నిప్పు పెట్టాలి. దిబ్బ దగ్గర అమ్మమ్మ, మేమిద్దరం, కంప పరిచే కూలీలు ఉన్నాం. ఎండ ఎక్కుతోంది. సాయిబు తాత జాడ లేదు. అమ్మమ్మ డొంకదారి వైపు చూస్తూ, "ఈ సచ్చినోడికి ఇవాళే పొద్దుపోయిందా" అని సణుగుతోంది.

డొంకలో జీపొచ్చింది.

దిగినాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. మెడలో కెమెరా. డ్రైవరు జీపు దగ్గరే ఉండిపోయాడు. "మంచినీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?" అని కళ్ళజోడాయన అడిగాడు. మర్యాదస్తుడు. ఇప్పటికీ ఆ మర్యాద తలుచుకుంటే నాకు కోపం ఎక్కువవుతుంది.

అమ్మమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. మొదట వచ్చినవాడు. పరాయివాడు. "నీళ్ళేం నాయనా, భోజనం చెయ్యి," అంది.

"అయ్యో, నేను భోజనానికి రాలేదండి."

"వచ్చినోళ్ళెవరన్నా భోజనానికి వచ్చామంటారా? కూర్చో."

కూర్చున్నాడు. కానీ అతని కళ్ళు విస్తరి మీద లేవు. రెండు ముద్దలు తిని, చెయ్యి అలాగే ఉంచి, ఆ రాయినే చూస్తున్నాడు. గరిక ఎందుకు పెట్టారని అడిగాడు. అమ్మమ్మ నెయ్యి గిన్నె కోసం అటు తిరిగింది. అప్పుడు నాతో అన్నాడు. "ఈ కుందేలు కథ నీకు తెలుసా పాపా? మంటలో దూకే ముందు ఒళ్ళు దులుపుకుంటుంది. తన బొచ్చులో ఉన్న పురుగులు చావకూడదని."

అమ్మమ్మ చేతిలో నెయ్యి గరిటె ఆగిపోయింది.

"ఆ మాట నీకెవరు చెప్పారు నాయనా?"

"పాత పుస్తకాల్లో ఉందమ్మా. బుద్ధుడి వెనకటి జన్మ కథ ఇది. ఆయనే అప్పుడు కుందేలు. ఈ దిబ్బ కూడా ఆయనదే. లోపల స్తూపం ఉండి ఉంటుంది."

"మా పెద్దాయనా?"

"మీ పెద్దాయనే."

అమ్మమ్మ మొహం ఎలా మారిపోయిందో నేను చెప్పలేను. ఆ కథను ఆమె తన అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఊరి పొలిమేర దాటితే ఎవరూ ఎరగరు. మా నాన్న నవ్వేవాడు, బడి పంతులు నవ్వేవాడు. జీపులో వచ్చిన పరాయివాడు, ఎవరూ చెప్పకుండా, ఆ దులుపుకోవడంతో సహా చెప్పాడు. కథలోని ముసలాయన కూడా ఇలాగే చెప్పకుండా వచ్చాడు మరి. ఆమె రెండు చేతులూ జోడించింది. ఏటా సాయిబు తాతను అడిగే మాటే అడిగింది గానీ, ఈసారి చివర ఇంకో మాట చేర్చింది.

"ఏం కావాలో అడుగు నాయనా. లేదనను."

అతను నవ్వాడు. "ఏం అడిగినా ఇస్తారా?"

"ఇస్తాను."

"అయితే ఆ రాయి ఇవ్వండి."

మామయ్య కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కంప పరిచే కూలీలు పని ఆపి నిలబడ్డారు. అమ్మమ్మ కింద కూర్చుండిపోయింది.

అతను ఆమెకు నచ్చచెప్పాడు. ఇక్కడ ఎండకు వానకు పాడైపోతోందన్నాడు. నూనెకు రాయి చెడుతుందన్నాడు. జాగ్రత్తగా పెట్టించి, మీ ఊరి పేరు రాయిస్తానన్నాడు. "అందరూ చూసే చోట పెడతానమ్మా," అన్నాడు.

అందరూ చూసే చోట. చందమామ మీద పెట్టినాయన కూడా అందుకే పెట్టాడు. అమ్మమ్మ ఇంకేమీ అడగలేదు. లేచి వెళ్ళి, గరిక తీసి రాయి మీద ఒకసారి తిప్పి, పక్కన పెట్టింది. కూలీలను పిలిచి పలకను ఎత్తించింది. దారిలో దెబ్బ తగలకుండా జీపులో కింద మిరపకాయల గోతాలు పరిచింది కూడా ఆమే.

కథ తెలియనివాడు అడిగి ఉంటే అమ్మమ్మ చెప్పు తీసుకునేది. కథ తెలిసినవాడు కాబట్టి ఇచ్చింది. అన్నీ తెలిసి అడిగాడా, పల్లెటూరి ఆవిడ మాట వరసకు అంటోందనుకుని అడిగాడా, నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఇదే.

ఇంతలో కల్లాల దగ్గరి ఆడవాళ్ళు ఏదో గొడవని ఇటు రావడం మొదలుపెట్టారు. అది చూసి అతను గబగబా జీపెక్కాడు. విస్తరిలో అన్నం సగం అలాగే ఉంది. అమ్మమ్మ జీపు వెనక పరిగెత్తింది.

"నాయనా, నిండిందా? నిండిందా నాయనా?"

జీపు చప్పుడులో అతనికి వినపడలేదేమో. చెయ్యి ఊపాడు. ఆ దుమ్ములో అమ్మమ్మ చాలాసేపు నిలబడి ఉంది.

*

సాయిబు తాత కాసేపటికి వచ్చాడు. దారిలో జ్వరం తగిలి ఒక చెట్టు కింద పడుకుండిపోయాడట. ఖాళీగా ఉన్న చోటు చూశాడు, ఎంగిలి విస్తరి చూశాడు. మేము చెప్పింది విని, విల్లు దింపి పక్కన కూర్చున్నాడు.

"ఆ మాటేదో నేను చెప్తానమ్మా. ఎప్పుడూ నేనేగా చెప్పేది. నిండింది అంటాను, నిప్పు పెట్టించు."

"నువ్వు అడిగింది గరిటెడు నెయ్యి," అంది అమ్మమ్మ. "తీసుకున్నవాడే చెప్పాలి. వస్తాడులే. చెప్పడం మర్చిపోయి వెళ్ళాడు."

మామయ్య గుంటూరు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ఆడవాళ్ళంతా ఉన్నారు. రాయి మీ ఒక్కళ్ళదా, ఊరందరిదా అని అడుగుతున్నారు. ఒకావిడ చంకలో చెవిపోటు బిడ్డ కూడా ఉంది. మామయ్య వాళ్ళను దాటుకుని వచ్చి అమ్మమ్మ మీద పడ్డాడు.

"ఎవడో ఏందో తెలియకుండా ఇచ్చేస్తావా? పేరడిగావా? ఊరడిగావా?"

"వచ్చినోణ్ణి పేరడుగుతార్రా?"

"ఇప్పుడెక్కడని వెతకను? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

"వెతకమాకు. దొంగతనం చెయ్యలా. అడిగి తీసుకున్నాడు, నేనిచ్చాను."

మామయ్య వెతికాడు. గుంటూరులో తెలిసినవాళ్ళను అడిగాడు, మంగళగిరి దాకా వెళ్ళి వచ్చాడు. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు.

నిప్పు పడలేదు. అమ్మమ్మ పడనివ్వలేదు. పొద్దున్నే అన్నం వండి, దిబ్బ దగ్గర విస్తరి వేసి, డొంక వైపు చూస్తూ కూర్చునేది. సాయిబు తాత ఊళ్ళో పరుపులన్నీ కుట్టేశాక కూడా కొన్నాళ్ళు ఉండిపోయి, ఆమె పక్కన కూర్చునేవాడు. నా చెవి అలాగే ఉంది. అమ్మమ్మ నూనె రోజూ పోస్తోంది గానీ, ముందు పోయడానికి కుందేలు లేదు. ఆమె వేలు ఒకసారి గాల్లో ఆగి, తర్వాత నా చెవి దగ్గరికి వచ్చేది.

మా చేలో నిప్పు పడితే గానీ ఎవరూ అంటించరు. ఎండలు ముదురుతున్నాయి. వానలు పడే లోపు దుక్కులు కావాలి. ఆ ఏడు పత్తికి పురుగు గట్టిగా పట్టింది, కంపలో ఉన్న పురుగు మళ్ళీ పైరు మీదికి వస్తుందని రైతుల భయం. మొదట మంచిగా అడిగారు, తర్వాత అరిచారు. మామయ్య ఎటూ కాకుండా నలిగిపోయాడు. ఒక పొద్దున అమ్మమ్మతో గట్టిగా అన్నాడు. "వాడు రాడమ్మా. ఇంక రాడు. నేను అంటిస్తున్నా."

ఆమె విస్తరి మీద వాలిన ఈగల్ని తోలుతూనే ఉంది.

మామయ్య ఆ కోపంలో దిబ్బ వైపు కూడా దారి వదల్లేదు. "రాయే లేదు, దారి ఎవరికి?" అన్నాడు. పళ్ళెం మోగించలేదు. నాలుగు వైపులా అంటించాడు. నేనూ, మామయ్య కూతురూ దిబ్బ మీదికెక్కి చూస్తున్నాం. ఎండిన పత్తాకు చిటపటలాడుతూ అంటుకుంది. పొగ మా మీదికి తిరిగింది. ఆ పొగలో ఇత్తడి పళ్ళెం చప్పుడు వినిపించింది. నాకు ఒక చెవికే వినబడుతోంది కాబట్టి ఎటు నుంచో తెలియలేదు. మామయ్య కూతురు ముందు చూసింది. "నాయనమ్మ! నాయనమ్మ లోపలుంది!" అని అరిచింది.

అమ్మమ్మ చేలో నడుస్తోంది. పరిగెత్తడం లేదు. పళ్ళెం మోగిస్తూ, "పోండి, పోండి" అంటూ, ఏటా నడిచినట్టే నడుస్తోంది. ఆమె ముందు నుంచి పూరేడు పిట్టలు లేచాయి. ఎలుకలు బయటపడ్డాయి. ఒక కుందేలు మంట సన్నగా ఉన్న చోట దూకి, మా కాళ్ళ పక్క నుంచే దిబ్బ ఎక్కి పోయింది. చెవులు వెనక్కి వాల్చుకుని ఉంది. ఆ తర్వాత అమ్మమ్మ వచ్చింది. మామయ్య కేకలు పెడుతూ అటు నుంచి వచ్చి ఆమె చీరకు అంటుకున్న నిప్పును చేతులతో ఆర్పాడు.

ఆమె వచ్చి, రాయి ఉండిన గుంటలో కూర్చుంది. అరికాళ్ళు తిప్పి చూసుకుంది. నల్లగా, ఎర్రగా ఉన్నాయి. ఆమె మొహంలో నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"చల్లబడలేదేందిరా," అంది మామయ్యతో. "నాకు చల్లబడలా."

పురుగుల్ని దులపడానికే వెళ్ళిందో, వచ్చినవాడు నిజంగా కథలోని ముసలాయనేనా అని తెలుసుకోవడానికి వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు. మామయ్య ఆమెను బండిలో వేసుకుని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడని తోలినవాడు చెప్పాడు. ఆ తర్వాత ఆయన తన చేలో ఎప్పుడూ నిప్పు పెట్టలేదు. కంపంతా కూలి పెట్టి ఏరించేవాడు.

మా నాన్న వచ్చి నన్ను తీసుకెళ్ళిపోయాడు. కుడి చెవి అప్పటి నుంచీ సరిగా వినబడదు.

అమ్మమ్మ కాళ్ళు మానాయి గానీ నడక మారింది. చివరిదాకా ఏటా ఆ పొద్దున రెండు విస్తళ్ళు వేసేది. ఒకటి సాయిబు తాతకు. ఆయన తిని, నిండిందనేవాడు. రెండోది పొద్దు గుంకేదాకా అలాగే ఉండేది. "వాడు మోసగాడు అమ్మమ్మా" అని పెద్దయ్యాక నేనొకసారి అంటే, నా మీద కసిరింది. "మోసగాడైతే నేనిచ్చింది ఏమవుద్దే? అట్టా అనమాకు." ఆమెకు అతను మంచివాడై తీరాలి. కాకపోతే ఊరందరి చెవులయ్యను ఒక దారినపోయేవాడికి పారేసినట్టే కదా. ఆ భయంతోనే ఆమె పోయింది.

రాయి పోయాక దిబ్బంటే ఎవరికీ భయం లేదు. ఇటుకలు ముందు ఒకళ్ళ గొడ్లచావిడికి, తర్వాత అందరి అరుగులకూ వెళ్ళాయి. మట్టి రోడ్డుకు పోయింది. ఈమధ్య వెళ్తే ఆ చోట కోల్డ్ స్టోరేజీకి వచ్చే మిర్చి లారీలు ఆగి ఉన్నాయి. దిబ్బ ఎక్కడుండేదో మామయ్య కూతురు కూడా సరిగ్గా చూపించలేకపోయింది.

*

చెవి డాక్టరును చూసిన మరునాడు మా మనవరాలు నన్ను ఆ మ్యూజియానికి తీసుకెళ్ళింది. నాకు కొత్త మిషను ఇంకా రాలేదు. ఆ పిల్ల నా ఎడమ వైపు నడుస్తూ మాట్లాడుతోంది.

అద్దాల పెట్టెలో ఉంది. శుభ్రంగా కడిగారు. పైనుంచి లైటు పడుతోంది. అతను చెప్పినట్టే, అందరూ చూసే చోటే ఉంది. దాచుకోలేదు, అమ్ముకోలేదు. అమ్మమ్మ బతికి ఉంటే ఇంతవరకు సంతోషించేది. నేను కూడా ఒక్క క్షణం, పోనీలే, అనుకున్నాను.

"కింద ఏం రాశారే?" అని అడిగాను.

మా మనవరాలు వంగి చదివింది. "శశ జాతకం. బుద్ధుడి పూర్వజన్మ గాథ. సున్నపురాయి. దొరికిన చోటు తెలియదు."

"మళ్ళీ చదువు."

"దొరికిన చోటు తెలియదు, అని ఉంది అమ్మమ్మా."

అద్దానికి చెయ్యి ఆనించి వంగాను. మూడు కాళ్ళు. వాలిన చెవులు. ఎంత కడిగినా లోతుగా ఉన్న ఆ చెవి సందులో సన్నటి గీతలా పసుపు మిగిలి ఉంది. మా అమ్మమ్మ వేలు పట్టేంత సందు. నా చెవిలో పోసిందీ అదే పసుపు.

చాలాసేపు నిలబడ్డాను. మా మనవరాలు నా మోచెయ్యి పట్టుకుని ఉంది. గదులు మూసే వేళయినట్టుంది, కాపలా ఉన్నతను తాళాల గుత్తి పట్టుకుని వచ్చాడు. "అయిందా అమ్మా?" అని అడిగాడు.

నిండింది అనేస్తే పోతుందనిపించింది. ఆ ఒక్క మాట కోసం అమ్మమ్మ అన్నేళ్ళు విస్తరి వేసింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ నేను తినిపోయినదాన్ని కాను, పెట్టిన ఇంటిదాన్ని. ఆ మాట నేను అనకూడదు.

"ఈయనది మా ఊరు బాబూ," అన్నాను. "ఎవరికి చెప్తే రాసుకుంటారు?"